డోంగర్‌గఢ్ దారిలో మా మామ్మ చుట్టాలు

నా చిన్నప్పుడు దుర్గ్ పక్కన, నాన్న పనిచేసే ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో, మా సెక్టారులో క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసి తీసినట్టుండేవి. అదే పసుపు గోడ, అదే ఆకుపచ్చ తలుపు, ముందు అదే రెండు మెట్ల వరండా. తలుపు మీద నంబరు చదవడం రానివాళ్ళు తీగ మీద ఆరేసిన చీరల్ని చూసి తమ ఇల్లేదో పోల్చుకోవలసిందే. మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, శ్రీకాకుళం పక్క పల్లె నుంచి కొత్తగా వచ్చినప్పుడు ఒకరోజు ఆ ఇళ్ళ మధ్య దారి తప్పింది. ఆవిడ డోంగర్‌గఢ్ నడక అక్కడ మొదలైంది.

మొన్న మీరిద్దరూ ఫోన్ చేసి, ఈ చలికాలం దుర్గ్ నుంచి డోంగర్‌గఢ్ బమ్లేశ్వరి అమ్మవారి కొండ దాకా నడవాలనుకుంటున్నామని, "అమ్మమ్మా, ఎక్కడ ఆగాలో ప్లాన్ వేసిపెట్టు" అని అడిగారు. ఒకరు పుణేలో, ఒకరు హైదరాబాద్‌లో. అక్కడ కూర్చుని మీకు మా వైపు దారి గుర్తొచ్చినందుకే నాకు కడుపు నిండింది. అందులోనూ నవరాత్రుల రద్దీలో కాకుండా, జనం లేనప్పుడు, దారి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నడవాలని తోచింది చూడండి, అది ఇంకా బాగుంది. నేను ఆ దారి మొదటిసారి నడిచింది చలికాలంలోనే. ఆ నడకకి ప్లాను ఎలా వేశారో చెబుతాను, నిదానంగా వినండి. మీకు కావలసిన ఊళ్ళ పేర్లు మధ్యలో అవే వస్తాయి.

ఆ ఏడాది వానాకాలంలో నాన్నకి పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు కొమ్ముల్లా అయిపోయి, మంచం దిగితే తూలిపోయేవారు. కబురు తెలిసి మామ్మ ఒక్కర్తే రైలెక్కి వచ్చేసింది. ఆవిడకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. ఆస్పత్రి మందులు వాడుతున్నా సరే, కామెర్లకి నేల ఉసిరి పడాల్సిందేనని ఆవిడ పట్టు. వచ్చిన కొద్ది రోజులకే, వాన వెలిసినప్పుడు చూసి బయల్దేరింది. రోడ్డు పక్కన గడ్డిలో వెతుక్కుంటూ వెతుక్కుంటూ పోయి, కొంగు నిండా మొక్కలు పీక్కుని వెనక్కి తిరిగేసరికి మా ఇల్లు లేదు. ఇళ్ళు చాలా ఉన్నాయి, అన్నీ మా ఇల్లే. తిన్నగా ఒక ఇంట్లోకి వెళ్ళి, వంటగది గుమ్మంలో మొక్కలు కుమ్మరించి, "ఒలే, రోలు కడిగి తే" అని కేకేసిందట. లోపల్నుంచి ఒక పంజాబీ ఆవిడ వచ్చి నిలబడేసరికి మామ్మకి గుండె ఆగినంత పనయింది. మొక్కలు మళ్ళీ కొంగులో వేసుకుని బయటపడి, ఇంకో రెండు ఇళ్ళ ముందు నిలబడి చూసి, చివరికి రోడ్డు మలుపులో కూలబడిపోయింది.

అప్పుడే నెత్తిన బుట్టతో ఒక కూరలావిడ అటు వచ్చింది. దుర్గ్ దాటాక శివనాథ్ నది ఒడ్డున ఆవిడ ఊరు. అక్కడి మట్టిలో పండిన కూరలు మా సెక్టారుకి తెచ్చి వీధి వీధీ తిరిగి అమ్మేది, ఆదివారం బజారులో కూర్చునేది. మామ్మకంటే కొంచెం చిన్నది, మోచేతుల దాకా పచ్చబొట్లు. మామ్మ తెలుగు ఆవిడకి తెలీదు, ఆవిడ ఛత్తీస్‌గఢీ మామ్మకి తెలీదు. కానీ కొంగులో మొక్కల్ని చూడగానే, ఈ ముసలావిడ ఇంట్లో ఎవరికో కామెర్లని ఆవిడకి అర్థమైపోయింది. కూరలమ్మేవాళ్ళకి ఏ ఇంట్లో పథ్యం వండుతున్నారో తెలియకుండా ఉంటుందా? మామ్మ చెయ్యి పట్టుకుని నేరుగా మా వరండా మెట్ల దగ్గరికి తెచ్చి వదిలింది.

మామ్మకి కన్నీళ్ళు ఆగలేదు. ఆవిడకి ఏమివ్వాలో తోచక లోపలికి వెళ్ళి, దేవుడి పీట దగ్గరున్న చిన్న గుడ్డమూట విప్పింది. అందులో ఎండబెట్టిన ప్రసాదం మెతుకులుండేవి, పూరీ జగన్నాథుడివి. మా శ్రీకాకుళం వైపు పూరీ వెళ్ళొచ్చినవాళ్ళు అవి తెచ్చి పదిమందికీ పంచుతారు. మంచిరోజునో, ఒంట్లో బాగోలేనప్పుడో ఒక మెతుకు నోట్లో వేసుకుంటారు. గుమ్మంలోకి వచ్చి మేలు చేసినవాళ్ళ చేతిలో పెట్టడం మామ్మకి మామూలే. అలాగే ఈవిడ చేతిలోనూ పెట్టింది.

"క్యా హై బేటీ?" అని కూరలావిడ నన్నడిగింది. జగన్నాథుడి ప్రసాదమని హిందీలో చెప్పాను. ఆవిడ బుట్ట దించేసింది. మా కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, కొంగు తలమీదికి లాక్కుని వచ్చి మెట్టు మీద కూర్చుంది. సగం మెతుకులు తను తిని, మిగతా సగం మామ్మ నోటికి అందించింది. ఇది వీళ్ళ మర్యాద కాబోలనుకుని మామ్మ నోరు తెరిచింది. ఆవిడ మామ్మ చేతులు రెండూ పట్టుకుని, "సీతారామ్, మహాపరసాద్!" అంది. రాముడి పేరు వినిపించింది కదా అని మామ్మ కూడా "సీతారామ్" అంది. అంతే. మర్నాటి నుంచీ ఆవిడ వీధి చివరినుంచే "సీతారామ్, మహాపరసాద్!" అని కేకేస్తూ వచ్చేది. మామ్మా అలాగే బదులు పలికేది. మా ఇంట్లో కూడా ఆవిడ పేరు మహాపరసాదే అయిపోయింది. అసలు పేరేమిటో మాలో ఎవరూ ఏనాడూ అడగలేదు.

నాన్న మంచంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ రాని రోజు లేదు. మజ్జిగలోకి లేత ముల్లంగి, చారులోకి ఏదో ఆకు, రోజూ ఏదో ఒకటి తెచ్చి మామ్మ ఒళ్ళో పెట్టేది, డబ్బులిస్తే కోప్పడేది. వాళ్ళిద్దరూ వరండాలో కూర్చుని, ఈవిడ తెలుగులో, ఆవిడ ఛత్తీస్‌గఢీలో గంటల తరబడి మాట్లాడుకునేవారు. పక్కింటి అత్తకి ఇది వింతగా ఉండేది.

"ఏటి పెద్దమ్మా, కూరలమ్మీ ఆవిడతో ఒకటే ముచ్చట్లు? ఆవిడ భాషేటి నీకు తెలుస్తాదని?" అంది ఒకరోజు గోడమీంచి.

"తెలీదు గాబట్టే మా ఇద్దరికీ తగువు నేదమ్మా," అంది మామ్మ. "నీ మాటయితే మొత్తం తెలిసిపోతాది. అదే వచ్చింది సిక్కు."

కొండమీద అమ్మవారి సంగతి మామ్మకి చెప్పింది కూడా మహాపరసాదే. నేను మధ్యలో కూర్చుని తెలుగు చేసి చెప్పాను. తన కోడలికి పురిట్లో ప్రాణం మీదికొస్తే మొక్కుకున్నానని, నడిచి వెళ్ళి తీర్చుకున్నానని ఆవిడ చెప్పగానే మామ్మ తూర్పో పడమరో తెలియని ఒక దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టేసింది. "నా కొడుకు లేచి డ్యూటీకి ఎల్తే, కాలినడకన నీ కొండకొస్తాను తల్లీ" అని. నాన్న లేచి డ్యూటీకి వెళ్ళారు. కానీ అది దసరా దాటాక. నవరాత్రులు అప్పటికే అయిపోయాయి.

నవరాత్రుల్లో ఆ దారి సంగతి మీరు చూసే ఉంటారు. అడుగడుక్కీ పందిళ్ళు, టీలు, భోజనాలు, కాళ్ళకి నూనె రాసేవాళ్ళు. జనం వెంట జనం. ప్లాను అవసరమే లేదు. చలికాలంలో అవేవీ ఉండవు. దుర్గ్ దాటితే పొలాలు, పొలాలు దాటితే పొలాలు. ఆ రోజుల్లో హోటళ్ళు కూడా లేవు. "వచ్చే నవరాత్రులకి వెళ్దువుగాని, లేదా ఇప్పుడే రైల్లో వెళ్ళొద్దాం. అలా ఎక్కి ఇలా దిగుతాం" అన్నారు నాన్న.

"రైలు నడుస్తాది రా. నాను నడిచినట్టెలాగవుతాది?" అంది మామ్మ. "సైత్రానికి ఎండలొచ్చేస్తాయి. పై దసరాకి ఈ మోకాళ్ళు నన్ను మొయ్యవు. ఇప్పుడు తీరితేనే తీరినట్టు."

ఆ మాట నిజమే. మా అమ్మ రోజూ ఆ మోకాళ్ళకి ఆవనూనె మర్దన చేసేది కాబట్టి అమ్మకీ తెలుసు. నాన్న జబ్బుకి సెలవులన్నీ అయిపోయాయి కాబట్టి ఆయన వెంట వెళ్ళే వీలు లేదు. చంటి తమ్ముణ్ణి వదిలి అమ్మ కదల్లేదు. భాష రాని మనిషి, పక్క వీధిలోంచి ఇల్లు కనుక్కోలేని మనిషి, తోడు లేకుండా అంత దూరం. నాన్న వద్దనడంలో తప్పేముంది? మామ్మ ఇంక అడగలేదు. కానీ మొక్కు ఉండిపోయిందన్న దిగులు ఆవిడ మొహంలోనే కనిపించేది. తలకి నూనె కూడా రాసుకోవడం మానేసింది.

ఒక ఆదివారం బజారు ముగించుకుని మహాపరసాద్ మా ఇంటికి వచ్చి, "కా హోగే?" ఏమైందని అడిగింది. నేను చెప్పాను. ఆవిడ నవ్వింది. దారి లేకపోవడమేమిటి, ఆ దారంతా మావాళ్ళేగా అంది. అమ్మగా మిగిలిన కూరలన్నీ వరండాలో కుమ్మరించి, దారి పరిచింది.

అబ్బ, ఆ ప్లాను ఎంత అందంగా ఉండేదనుకున్నారు! గుండ్రటి వంకాయ దుర్గ్. దానవతల పచ్చిమిరపకాయలు వరసగా పేర్చి, ఇది శివనాథ్ నది. నది ఒడ్డున కొత్తిమీర కట్ట ఆవిడ సొంత ఇల్లు. సోమ్ని దగ్గర పల్లెలో ఒక టమాటా, అది ఆవిడ అన్న ఇల్లు. పొడుగాటి ముల్లంగి రాజ్‌నాంద్‌గావ్, అక్కడ వదిన చెల్లెలు ఉంటుంది. ముస్రా వైపు ఒక బటానీ కాయ, అది అన్న కూతుర్ని ఇచ్చిన ఊరు. అన్నిటికీ చివర గుమ్మడికాయ ముక్క, అది అమ్మవారి కొండ. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, చెయ్యి కూడా కడుక్కోకుండా గొంతుక్కూర్చుని చూశారు. నేను మాటల సందడిలో బటానీ కాయ ఒలిచి తినేశాను.

"ఊరు తినేశావు కదే!" అన్నారు నాన్న. "ఇప్పుడు మీ మామ్మ ఎక్కడ పడుకుంటుంది?"

అందరం నవ్వాం. చాలా రోజుల తరవాత మామ్మ కూడా నవ్వింది. అప్పుడు నాన్న నిజంగా ప్రశ్నలు అడగడం మొదలెట్టారు. నీళ్ళెక్కడ, చలికెలా, మామ్మ నడవలేకపోతే ఎలా? మహాపరసాద్ ప్రతిదానికీ జవాబు చెప్పింది. పొద్దున్నే లేచి పరిగెత్తకూడదు, నది మీద మంచు విడిచి ఎండ వీపుకి తగిలాకే బయల్దేరాలి. పశువులు ఇంటికి మళ్ళే వేళకి ఏదో ఒక గుమ్మం చేరిపోవాలి. కొత్త చెప్పులు వద్దు. ఒక దుప్పటి చాలు, ఎందుకంటే కోతలు అయిపోయి ప్రతి ఇంట్లోనూ కొత్త వరిగడ్డి ఉంటుంది, దాని మీద పడుకుంటే పరుపు ఎందుకూ పనికిరాదు. నవరాత్రులప్పుడు పందిట్లో అన్నం ఉంటుంది, ఇప్పుడు ఇళ్ళల్లో ఉంటుంది, అంతే తేడా అంది. మామ్మ ఎక్కడ ఆగితే అక్కడే ఆ పూట ఆగడం. తను వెంట వస్తుంది, కూరలు కోడలు అమ్ముతుంది. పుష్య పున్నమికి పిల్లలు ఇంటింటికీ తిరిగి కొత్త ధాన్యం అడిగే ఛేర్‌ఛేరా పండగ, ఆలోపు తిరిగొచ్చేద్దాం. నాకు డిసెంబరు సెలవులు కాబట్టి నేనూ వెళ్ళొచ్చని తేలింది. ఆ పూట నాన్న సరేనన్నారు.

చిక్కు ఆ వారంలోనే వచ్చింది. ప్లాంటులో నాన్నతో పనిచేసే ఛత్తీస్‌గఢీ ఆయన ఒకాయన, "మీ అమ్మగారు మా నది ఒడ్డు ఆవిడతో మహాపరసాద్ కట్టుకున్నారటగా, ఎంత మంచి సంగతి" అన్నారట. నాన్నకి అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పారు. వీళ్ళ వైపు ఇద్దరు మనుషులు జగన్నాథుడి ప్రసాదం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే అది జన్మకి సరిపడే బంధుత్వం. రక్తసంబంధం కంటే పెద్దది. ఆపైన ఒకరి పేరు ఒకరు పలకరు. ఒకరింట్లో చావొస్తే రెండోవారికీ మైల. వాళ్ళ పిల్లలు వీళ్ళకి పిల్లలు, వాళ్ళ అన్న వీళ్ళకి అన్న. అందుకే ఆ దారంతా మనదని ఆవిడ అంది. మేమేమో ఇన్నాళ్ళూ ఆవిడ మంచితనమనుకున్నాం.

నాన్న ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. మామ్మ అన్నం కలపడం ఆపేసింది.

"నాను మామూలుగా పెట్టేనురా," అంది. "ఎవులికైనా పెడతానే, అలాగే పెట్టేను."

"నాకు తెలుసమ్మా. కానీ ఇప్పుడు చెబితే ఆవిడ నొచ్చుకుంటుంది. నడక అయిపోనీ. వచ్చాక నెమ్మదిగా చెబుదాం," అన్నారు నాన్న. ఆయనకి ఆ పూట తల్లి మొక్కే ముఖ్యంగా కనిపించింది. కొడుకు కదా.

మామ్మ కంచం పక్కకి జరిపింది. తరవాత అంది, "వాళ్ళన్న ఇంట తినీసి, వాళ్ళ గడ్డి మీద తొంగుని, వచ్చాక చెప్పీదేటి? అప్పుడు చెప్పినా ఒకటే, మానేసినా ఒకటే."

"చెబితే నడక ఆగిపోతుంది, అత్తా," అంది అమ్మ.

"ఆగితే ఆగుతాది." ఆ మాట అనడం ఆవిడకి ఎంత కష్టమో నాకు ఆ వయసులోనే అర్థమైంది. ఎందుకంటే ఆ పూట ఆవిడ ఇంక అన్నం ముట్టుకోలేదు.

మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఒలే గుంటా, నాకు తెలీక ఇచ్చేను అని హిందీలో ఎలాగంటారే?" అంది. నేనే చెబుతానుగా మామ్మా అన్నాను. వద్దంది. ఇలాంటి మాట ఇంకొకరి నోటితో పంపకూడదంది. "హమ్‌కో మాలూమ్ నహీ థా. ఐసే హీ దియా" అని నేర్పాను. రుబ్బురోలు దగ్గర, బట్టలు తడిపేచోట, దేవుడి ముందు అదే మాట. "మాలుం నై తా, మాలుం నై తా" అని ఆవిడ గొణుక్కుంటుంటే మొదట నవ్వొచ్చింది. తరవాత రాలేదు. దేవుడి ముందు స్తోత్రం బదులు ఆ మాట పలుకుతున్న మనిషిని చూస్తే నవ్వెలా వస్తుంది?

ఆదివారం ఇద్దరం బజారుకి బయల్దేరాం. దారి తప్పిన రోజు తరవాత మామ్మ వీధి దాటడం అదే. నా వేలు గట్టిగా పట్టుకుంది. మలుపు దగ్గర ఆగి, "ఇంక నడక నేదనుకో గుంటా. పరవానేదు" అంది. అది నాకు చెప్పిందో తనకి తను చెప్పుకుందో తెలీదు.

మహాపరసాద్ శనగాకు కుప్పల వెనక కూర్చుని ఎవరికో టమాటాలు తూస్తోంది. మమ్మల్ని చూసి మొహం విప్పారింది. ఆవిడ "సీతారామ్" అనేలోగా మామ్మ చేతులు జోడించింది. "మాలూమ్ నహీ థా. హమ్‌కో మాలూమ్ నహీ థా. ఐసే హీ దియా." నేర్చుకున్న మాట తడబడకుండా, ఆ సందడిలో, నిలబడి చెప్పింది.

మహాపరసాద్‌కి మొదట అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మామ్మకి మీ ఆచారం తెలీదని, మేలు చేశారని ప్రసాదం ఇచ్చిందే గాని బంధుత్వం కోసం ఇవ్వలేదని, తెలియకుండా మీవాళ్ళ ఇళ్ళకి రావడం తప్పని చెప్పడానికి వచ్చిందని. ఆవిడ తక్కెడ కింద పెట్టింది. కొనేవాళ్ళు తొందరపెడుతున్నారు. కొంగుతో చేతులు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"ఇది చెప్పమని ఎవరన్నారు? మీ నాన్నా?" అని నన్నడిగింది.

"కాదు. నడక అయ్యాక చెబుదామన్నారు నాన్న. మామ్మే వద్దంది."

ఆవిడ మామ్మ వైపు చూసింది. తరవాత నాతో మెల్లిగా, నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది. "మీ మామ్మకి, నా మహాపరసాద్‌కి చెప్పు. తనకి తెలీదేమో, నాకు తెలుసు. నేను తెలిసే నోట్లో వేసుకున్నాను. నా వైపు ముడి పడిపోయింది, అది నేను విప్పలేను. తన వైపు ముడి తన ఇష్టం. కానీ దారి కోసమని వెయ్యొద్దను. దారి ఎలాగూ ఉంది. అమ్మవారికి మొక్కుకున్న మనిషిని గుమ్మంలోంచి పంపేసే ఇల్లు మా వైపు లేదు." అని, ఆగిన టమాటాలు తూయడం మొదలెట్టింది.

నేను తెలుగులో చెప్పాను. మామ్మ కింద మట్టిలోనే చతికిలబడి, ఆవిడ పక్కన శనగాకు ముదురు కాడలు ఏరడం మొదలెట్టింది. బజారు పలచబడేదాకా అలాగే ఏరుతూ కూర్చుంది. చివరికి లేస్తూ నాతో అంది, "బుధవారం మంచిరోజని చెప్పు. నాకోసం కొబ్బరికాయ తెమ్మను. నానూ ఒకటి తెస్తాను."

బుధవారం మా వరండా కడిగి ముగ్గేశాం. ఈసారి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. గోడమీంచి వెక్కిరించిన పక్కింటి అత్తే పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టి తెచ్చింది. మామ్మ గుడ్డమూట విప్పి, మెతుకులు మహాపరసాద్ నోటికి అందించింది. ఆవిడ మామ్మ నోటికి అందించింది. కొబ్బరికాయలు మార్చుకున్నారు. నాన్న డ్యూటీ బట్టల్లోనే వచ్చి, వంగి మహాపరసాద్ కాళ్ళకి దణ్ణం పెట్టి, "సీతారామ్, పిన్నీ" అన్నారు. ఆవిడ ఆయన తలమీద చెయ్యి వేసి, కళ్ళ కింది రెప్పలు లాగి చూసింది, పసుపు పోయిందా లేదా అని. సొంత పిన్ని కూడా అలా చూడదు.

నడక గురించి ఎంతని చెప్పను! శివనాథ్ మీద మంచు పాలపొగలా లేస్తుంటే ఒడ్డున నిలబడి ఎండ కోసం ఎదురుచూశాం. మామ్మ చిన్న చిన్న అడుగులు వేసేది, మహాపరసాద్ ఇంకా చిన్న అడుగులు వేసేది, వెనకబడ్డానని మామ్మకి అనిపించకూడదని. ఒక పూట అసలు నడవనే లేదు, మోకాళ్ళకి వేడి ఇటుక కాపడం పెట్టుకుంటూ సోమ్ని దగ్గర అన్నగారింట్లో ఉండిపోయాం. ఎవరూ తొందరపెట్టలేదు. దారి ఖాళీగా ఉండేది. కొంగలు, గడ్డివాములు, ఎప్పుడో ఒక సైకిలు. అలాంటి నిశ్శబ్దంలో నా అడుగుల చప్పుడు నేనే వినడం అదే మొదలు.

కానీ నాకు అన్నిటికంటే గుర్తున్నది వేరు. ఆగిన ప్రతి గుమ్మంలోనూ మహాపరసాద్ మామ్మని ముందుకి తోసి తనవాళ్ళకి ఒకటే మాట చెప్పేది. "ఈవిడ నా మహాపరసాద్. మొదటిసారి తెలీక పెట్టింది. తెలిశాక నడిచొచ్చి నాకు చెప్పేసింది. అప్పుడు మళ్ళీ తెలిసి పెట్టింది." ఏ మాట చెబితే నడక ఆగిపోతుందని మేం భయపడ్డామో, ఆ మాటే ఆవిడ గొప్పగా, నగ చూపించినట్టు, ఇంటింటా చూపించుకుంటూ వెళ్ళింది. అది విని ఆ ఇళ్ళల్లో ముసలివాళ్ళు కూడా లేచి మామ్మకి చోటిచ్చేవారు. వేడి వేడి కొత్తబియ్యం అన్నంలో శనగాకు కూర వడ్డించి, మామ్మ చాలంటున్నా ఇంకో ముద్ద వేసేవారు.

కొండ మెట్లు మామ్మ కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని ఎక్కింది. పైన వరసలు లేవు, తోపులాట లేదు. అమ్మవారి ముందు ఎంతసేపు నిలబడినా పొమ్మనేవాళ్ళు లేరు. మామ్మ ఏం మొక్కుకుంటుందోనని నేను చెవి దగ్గర పెట్టి విన్నాను. "వచ్చీసేను తల్లీ," అంది మామ్మ. "ఒక్కర్తినీ రానేదు. నావాళ్ళతో వచ్చేను."

ఆ బజారు రోజు నుంచి నాకొక అలవాటు మిగిలిపోయింది. నన్ను ఎవరైనా ఉన్నదానికంటే ఎక్కువ అనుకుని తలుపు తీస్తే, గడప దాటకముందే ఉన్నమాట చెప్పెయ్యాలనిపిస్తుంది. మీ తాతయ్య పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు, అమ్మాయి వీణ వాయిస్తుందని ఎవరో చెప్పారట. "వాయించేది నేను కాదండీ, మా పై వీధి అమ్మాయి" అన్నాను. మా అమ్మ తల పట్టుకుంది. మీ తాతయ్య నవ్వాపుకోలేక కాఫీ ఒలకబోసుకున్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఒక్క మాటకే నన్ను చేసుకున్నానని చెబుతుండేవారు.

ఇప్పుడు మీ ప్లాను. ఊళ్ళు చెప్పాను, ఎండ వచ్చాకే బయల్దేరమని చెప్పాను, కొత్త బూట్లు వద్దని చెప్పాను. ఒకటే మిగిలింది. ఆ దారిలో భుజాన సంచీతో నడిచేవాళ్ళని చూస్తే మొక్కున్నవాళ్ళే అనుకుంటారు. పిలిచి కూర్చోబెడతారు, కాళ్ళకి నీళ్ళిస్తారు. మీకు మొక్కు లేదు, ఊరికే నడవాలనిపించి వచ్చారు. అందులో తప్పేమీ లేదు నాన్నా. నీళ్ళు ముట్టుకోకముందే ఆ మాట చెప్పెయ్యండి, మీకొచ్చిన హిందీలో, మీ నోటితోనే. వాళ్ళు నవ్వుతారు, అయినా లోపలికి రమ్మంటారు, నాకు తెలుసు. అప్పుడు వెళ్ళి కూర్చుని, ఇంకో ముద్ద వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టకుండా తినండి.